వదిన చూడని చివరి పావుగంట

సినిమా గురించి నోరెత్తే హక్కు ఎవరికి ఎంత ఉందో నాకు తెలియదుగాని, నాకు మాత్రం నిండుగా ఉంది. నేను చదివింది ఊరి బడిలో అయిదో తరగతి వరకే. అయినా పాఠం అప్పజెప్పడంలో బడి మొత్తానికి నేనే మొదటివాణ్ణి. తనిఖీకి వచ్చిన అధికారి తన జేబులో పెన్ను తీసి నా చేతిలో పెట్టి వెళ్లాడు. పట్నం వచ్చాక సినిమా హాల్లో పోస్టర్లు అంటించే పనిలో చేరి, ఆ పనికే మేస్త్రినయ్యాను. నేను కాచిన మైదా జిగురుతో అంటించిన పోస్టరు వానకు తడిసేదేగాని ఊడేది కాదు. ఈ రోజు హాల్లో కింది తరగతి జనం నెత్తిన ఫ్యాన్లు తిరుగుతున్నాయంటే, అప్పట్లో ప్రొప్రయిటరు ఎదుట నిలబడి అందరి తరఫునా మాట్లాడినవాణ్ణి నేనే. సినిమా పత్రికలో నా అభిప్రాయాలు అచ్చయ్యాయి. ఒకదాన్ని చుట్టూ గీతలతో పెట్టె కట్టి మరీ వేశారు. అన్నిటికీ మించి, మా ఆదివారం సంఘం పెట్టింది నేను, నేటికీ దాని అధ్యక్షుణ్ణి నేను. ఇన్ని చెప్పుకున్నాను గనక, మా వదిన సంగతి రాయడానికి నాకు అర్హత ఉందని మీరు ఒప్పుకుంటారు.

ముందు సంఘం గురించి రెండు ముక్కలు. ఆదివారం పొద్దున హాలు క్యాంటీన్లో రెండు బల్లలు కలిపి కూర్చుంటాం. బాగా ఆడిన సినిమా మా బల్ల మీదికి రాదు. దాని గురించి మాట్లాడటానికి లోకమంతా ఉంది. మా దగ్గరికొచ్చేవి ఆడవలసి ఉండి ఆడనివి, ఆడకూడనివైనా ఆడేసినవి, ఒకడు నెత్తిన పెట్టుకుంటే ఇంకొకడు కాలితో తన్నేవి. టైలరు, లెక్కల మాస్టారు, ప్రొజెక్టరు నడిపే ఆపరేటరు, ఇంకా అయిదారుగురు. టీ చల్లారిపోయేదాకా కొట్టుకున్నంత పని చేసి, ఆఖర్న చేతులెత్తి తేలుస్తాం. నేను పెట్టిన నిబంధన ఒకటే: చివరిదాకా చూడనివాళ్లు ఎంతైనా మాట్లాడొచ్చు, చెయ్యి మాత్రం ఎత్తకూడదు.

ఆ నిబంధన వల్లే మా వదిన ఇన్నేళ్లలో ఒక్కసారీ చెయ్యి ఎత్తలేదు.

వదిన ఆ హాల్లోనే కింది తరగతి గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషి. అందరూ గేటు వదిన అంటారు, నాకంటే పెద్దవాళ్లు కూడా. ఆ ఉద్యోగం తెలియనివాళ్లు, రోజూ ఊరికే సినిమాలు చూడొచ్చుగా అంటారు. నిజమే, చూడొచ్చు. ఎలా చూడొచ్చో చెబుతాను. ఆట మొదలైనా అరగంట దాకా ఆలస్యంగా వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్ల టిక్కెట్టు చింపి, టార్చి వేసి, కూర్చున్నవాళ్ల కాళ్లు తొక్కకుండా లోపలికి పంపాలి. అదయ్యాక తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని తెర చూడొచ్చు. ఇంకో పావుగంటలో ఆట అయిపోతుందనగా లేవాలి. పక్క సందు వైపు గేటు తాళం తీసి, అడ్డంగా ఉన్న బళ్లను పక్కకు లాగించి, జనం ఒకరి మీద ఒకరు పడకుండా బయట నిలబడాలి. కాబట్టి మా వదిన చూసిన సినిమాలకు లెక్కలేదు, ఒక్కదానికీ మొదలు తెలియదు, చివర తెలియదు.

"తలా తోకా లేని విమర్శ," అనేవారు లెక్కల మాస్టారు.

"తల మీరు చూసుకోండి, తోక మా మరిది చూసుకుంటాడు. కడుపెలా ఉందో నేను చెబుతాను," అనేది వదిన.

ఆ గేటు నిజానికి మా అన్నయ్యది. హాలు ముందు దీపాలు మారుస్తూ నిచ్చెన మీంచి పడి అన్నయ్య కాలు విరగ్గొట్టుకున్నాడు. అది బాగయ్యేదాకా అతని బదులు వదినను నిలబెట్టారు. మొదటి ఆటకు జనం గేటు దగ్గర ఆడమనిషిని చూసి ఈలలు వేశారు. వదిన ఏమీ అనకుండా గేటు మూసేసి గడియ పెట్టింది. లోపల సినిమా పేర్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది, వీళ్లు బయట. ఈలలు వేసినవాళ్లే వరసలో నిలబడ్డారు. ఆ సంగతి అప్పుడే నలుగురికీ చాటింపు వేసింది కూడా నేనే.

అన్నయ్య కాలికి కట్టు విప్పే రోజుల్లో వచ్చింది లారీ సినిమా. అసలు పేరు పోస్టరు మీద రెండు వరుసలు పట్టేంత పెద్దది. అంటించిన నాకే నోరు తిరిగేది కాదు. ఒక లారీ డ్రైవరుకు చెయ్యి విరుగుతుంది. ఇంట్లో ఇంకెవరూ లేక భార్య లారీ ఎక్కుతుంది. ఖాళీ స్థలంలో రెండు డ్రమ్ములు నిలబెట్టి, వాటి మధ్యలోకి లారీని వెనక్కి నడపడం నేర్చుకుంటుంది. పాట లేదు, మాట లేదు. డ్రమ్ము పడుతుంది. దిగుతుంది, నిలబెడుతుంది, ఎక్కుతుంది. మళ్లీ పడుతుంది. ఇదే చాలాసేపు. జనం లేచి పోయారు. లారీ వెనక్కి పోవడం చూడటానికి టిక్కెట్టు కొనాలా అని క్యాంటీన్లో నేనే అన్నాను, ఆ మాట ఊరంతా పాకింది. వారం తిరక్కుండానే ఎత్తేశారు.

హాలు ఖాళీ కాబట్టి అరగంట దాటాక వచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. వదిన ప్రతి ఆటకూ ఆ మధ్య భాగమంతా చూసింది.

"మరిదీ, డ్రమ్ము పడ్డప్పుడల్లా ఆవిడే దిగి నిలబెట్టింది, గమనించావా? ఒక్కర్నీ పిలవలేదు," అంది నాతో.

"గమనించడానికి మెలకువగా ఉండాలి కదా వదినా," అన్నాను.

మా సంఘంలో అప్పుడే రెండు పక్షాలు పుట్టాయి. ఆ సినిమా గొప్పదనేవాళ్లు లారీ పక్షం, నిద్రొచ్చిందనేవాళ్లు కునుకు పక్షం. నేను కునుకు పక్షానికి పెద్దదిక్కు, మాస్టారు నా కుడిభుజం. ఏడాదికొకసారైనా ఆ సినిమా బల్ల మీదికి వచ్చేది. చేతులెత్తేటప్పుడు లారీవాళ్లు ఎప్పుడూ ఓడిపోయేవాళ్లు.

సినిమా వెళ్లిపోయిన మరుసటి వారం మేనేజరు అన్నయ్యనూ వదిననూ ఆఫీసు గదికి పిలిచాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"ఇక రేపట్నించి మీ ఆయనొస్తాడుగా అమ్మా. నువ్వు ఇల్లు చూసుకోవచ్చు," అన్నాడు.

వదిన చేతిలో టార్చి ఉంది. దాని వంకే చూస్తూ, "నేను మానను సార్," అంది.

మేనేజరు అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య గడ్డం గోక్కుని, "అయితే నాకు సైకిల్ స్టాండు ఇప్పించండి. అక్కడ మనిషి లేడంటున్నారుగా," అన్నాడు. అంతటితో తేలిపోయింది. బంధువులు మాత్రం నెలల తరబడి నోళ్లు నొప్పి పుట్టేదాకా ఆడిపోసుకున్నారు. ఆలి గేట్లో, మగడు స్టాండులో అని పాట కట్టారు. నేను మాత్రం మొదట్నించీ వదిన వైపే ఉన్నాను. ఆ మాట వదినే పదిమందిలో చెబుతుంది.

తర్వాత ఎప్పుడో వదిన నాతో అంది, "ఆ లారీ ఆవిణ్ణి చూడకపోయి ఉంటే నా నోట్లోంచి ఆ మాట వచ్చేది కాదు మరిదీ."

నేను మాట మార్చేశాను. ఎందుకంటే చివరి పావుగంట నేను చూశాను. మొగుడి చెయ్యి బాగవుతుంది. వచ్చి చెయ్యి చాస్తాడు. ఆవిడ తాళాలు అతని చేతిలో పెట్టి, ఆడదానికి ఇంటి గుమ్మమే హద్దని ఒక పెద్ద ఉపన్యాసం చెప్పి, వంటింట్లోకి వెళ్లిపోతుంది. అతను లారీ ఎక్కి నవ్వుతాడు. శుభం.

ఆ ముగింపు వదినకు తెలియకూడదని మేమెవ్వరం కూడబలుక్కోలేదు. దానంతటదే కట్టుబాటయింది. వదిన బల్ల దగ్గర ఉండగా లారీ సినిమా మీద వాదన ఎంత వేడెక్కినా ముగింపు ప్రస్తావన వచ్చేసరికి ఆపరేటరు దగ్గేవాడు. అతను దగ్గితే టైలరు దగ్గేవాడు. మాస్టారు నోటి దాకా వచ్చిన మాటను టీతో కలిపి మింగేవారు. వదిన కూడా, "చివర ఎవరూ చెప్పొద్దు, ఏనాటికైనా నేనే చూస్తాను," అనేది. ఆ సినిమా మళ్లీ వచ్చే మొహం కాదు గనక మాకు ధైర్యంగానే ఉండేది.

ఈ ఏడాది రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. వయసైపోయిందని వదిన గేటు పని మానేసింది. అదే సమయంలో, ఎవరో ఆ సినిమాను దుమ్ము దులిపి శుభ్రం చేసి బయటపెట్టారు. తాము పుట్టక ముందే పోయిన ఆ సినిమాను కుర్రకారు నెత్తిన పెట్టుకున్నారు. లారీ వెనక్కి వెళ్లే ముక్కను ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. ఒక ఆదివారం పొద్దుటాటకు దాన్ని వేసుకోమని ప్రొప్రయిటరు మాకు హాలిచ్చాడు. ఇవ్వమని అడిగిన ఆపరేటరు, అడిగాక నాలుక కరుచుకున్నాడు.

"వదిన మొదటి వరసలో కూర్చుంటుంది. ఇప్పుడు గేటు తీసే పని కూడా లేదు," అన్నాడు.

"చివరి పావుగంట ముందు కరెంటు పోయిందందాం," అన్నాడు టైలరు.

"నీ మొహం. జనరేటరు ఉందని ఆవిడకు తెలియదా? డీజిలు పోయించింది ఆవిడేగా," అన్నారు మాస్టారు. "అధ్యక్షా, మీ వదిన కాబట్టి మీరే వెళ్లి చెప్పండి."

వెళ్లాను. వదిన వరండాలో ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. ఒక కొస నా చేతికిచ్చింది.

"వదినా, ఆదివారం ఆ సినిమా చూడకపోతేనేం? ఎండ ఎక్కువగా ఉంటోంది."

"హాల్లో ఎండేంటి మరిదీ?"

నేను కొస సరిగ్గా కలపలేదు. తనే లాక్కుని మడిచింది.

"ఇన్నేళ్లుగా మీ దగ్గులు నేను వినట్లేదనుకున్నారా? లారీ సినిమా అనగానే సంఘానికంతా ఒకేసారి జలుబు చేస్తుంది," అంది. "చివర బాగుండదని తెలుసు. ఎంత బాగుండదో తెలియదు, అంతే."

"తెలిసీ ఎందుకు మరి?"

వదిన దుప్పటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "భయంగానే ఉంది. నాకు ఆ సినిమాలో ఉన్నది ఆ ఒక్క ముక్కే. చివర చూశాక అది కూడా నాది కాకుండా పోతుందేమోనని. ఆ రోజు ఆఫీసు గదిలో అన్న మాట ఉత్త తెలివితక్కువతనం అనిపిస్తుందేమోనని. కానీ ఎన్నాళ్లని సగం చూసి పొగుడుతాను? ఒక్కసారైనా చెయ్యెత్తాలి నేను. రెండో కొస పట్టుకో, సరిగ్గా."

ఆదివారం హాలు ముప్పాతిక నిండింది. వదిన నడిమి వరసలో కూర్చుంది. ఆ వరసలోకి జనాన్ని పంపడమేగాని తను ఎన్నడూ కూర్చోలేదు. ఒక పక్క నేను, ఇంకో పక్క టైలరు. పేర్లు పడటం మొదలైంది.

"ఇంతసేపు వేస్తారా పేర్లు? ఇంతమంది పని చేశారా?" అంది నా చెవిలో.

మొదటి అరగంట హాస్యం పేరుతో హింస. డ్రైవరు తాగి లారీ అనుకుని గేదె ఎక్కుతాడు. మేమందరం తలలు పట్టుకునే ఆ ఘట్టానికి వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత లారీ వచ్చింది. డ్రమ్ము పడింది. వెనక కూర్చున్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంకోసారి పడితే, "ఎడమకి తిప్పమ్మా," అని ఎవరో అరిచారు. వదిన తెర మీంచి కన్ను తిప్పలేదు. నాకు మాత్రం మామూలుగానే ఆవలింత వచ్చింది. పెద్దమనిషిని గనక ఆపుకున్నాను.

అంతా అయి, ఇక మొగుడి చేతికి కట్టు విప్పే ఘట్టం వచ్చింది. వదిన లేచింది. నన్ను దాటుకుంటూ వరస చివరికి వెళ్లి, చీకట్లో తడబడకుండా పక్క తలుపు దాకా నడిచి, గడియ మీద చెయ్యి వేసింది. టైలరు నా మోకాలు గిల్లాడు. అలవాటే లేపిందని మా ఇద్దరికీ అర్థమైంది. ఇన్నేళ్లూ ఏ సినిమాకైనా చివరి పావుగంట వచ్చేసరికి లేచిన మనిషి. లోలోపల, అలాగే వెళ్లిపోతే బాగుండు అనుకున్నాను.

ఇప్పటి గేటు మనిషి స్టూలు మీంచి లేచి, "నేను తీస్తాలేమ్మా, మీరు చూడండి," అన్నాడు.

వదిన గడియ మీంచి చెయ్యి తీసింది. సీటుకు తిరిగి రాలేదు. తలుపుకు వీపు ఆనించి, నిలబడే చివరిదాకా చూసింది. తాళాలు చేతులు మారాయి. ఉపన్యాసం అయింది. అతను నవ్వాడు. దీపాలు వెలిగాయి.

క్యాంటీన్లో రెండు బల్లలూ కలిపాం. టీలు వచ్చాయి. చివరికి మాస్టారే, ఎంతో నెమ్మదిగా, "చెప్పమ్మా," అన్నారు.

"ఏం చెప్పను మాస్టారూ. డ్రమ్ము పడ్డప్పుడల్లా దిగిన మనిషి అలా తాళాలిచ్చి పోతుందా? ఆవిడ కాదది. ఇంకెవరో ఆవిడ చీర కట్టుకుని వచ్చారు," అంది వదిన. "ఆ వారం నేను ఇదంతా చూసి ఉంటే, నేనూ టార్చి బల్ల మీద పెట్టి ఇంటికి పోయేదాన్నేమో. సగం చూసి మొత్తం అనుకున్నాను. నా ధైర్యమంతా గేటు తీయడానికి బయటికి వెళ్లడంలో ఉందన్నమాట."

ఆపరేటరు దగ్గబోయి, ఇక పనిలేదని గుర్తొచ్చి మానేశాడు.

"నేను మొత్తం చూశాను," అని గుమ్మంలోంచి వినిపించింది.

అన్నయ్య. వదిన్ని ఇంటికి తీసుకెళదామని వచ్చి నిలబడ్డాడు. అతను మా సంఘం బల్ల దగ్గరికి ఎన్నడూ వచ్చినవాడు కాడు. సినిమా గురించి కొట్టుకోవడం పనిలేనివాళ్ల పని అంటాడు.

"ఎప్పుడు చూశారు?" అంది వదిన.

"అప్పుడే. కాలికి కట్టు విప్పారుగా, ఆ వారం. ఆఫీసు పక్క తలుపులోంచి వచ్చి వెనక వరసలో కూర్చున్నా. నువ్వు స్టూలు మీదున్నావు. ఆ లారీ వెనక్కి పోతున్నంతసేపూ నువ్వు కూడా మెడ వెనక్కి తిప్పుతున్నావు. సినిమా కంటే నువ్వే బాగున్నావు. తర్వాత నువ్వు గేటు తీయడానికి వెళ్లావు, నేను ఉండిపోయా."

"మరి ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? తాళాలు పుచ్చుకుని వాడు ఒకటే నవ్వడం చూస్తే నాకు ఒళ్లు మండింది. ఆవిడ చక్కగా నడుపుతోంది, డ్రమ్ము పడకుండా కూడా వచ్చేసింది. పక్కన కూర్చుని పోక, మధ్యలో వీడికేం దురద? నన్ను కూడా లోకం వీడిలాంటివాడి కిందే జమకడుతుందే అనిపించింది. మేనేజరు పిలిచేటప్పటికే నేను స్టాండు సంగతి కనుక్కుని ఉంచా." అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. "పైగా స్టాండులో కుర్చీ ఉంది. గేటు దగ్గర ఆట ఆటకీ నిలబడి చావాలి. నువ్వు మాననంటే నేను ఎగిరి గంతేయాలిగాని, కాలు సహకరించలేదు."

ముందు నవ్వింది టైలరు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. వదిన నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నారు, ఏం మనిషండీ మీరు," అంది. అన్నయ్య ఆమె పక్కన కుర్చీ వేసుకుని ఇరుక్కుని కూర్చుని, ఆమె టీ తీసుకుని తాగేశాడు.

"అయితే మధ్య వదినకి పనికొచ్చింది, చివర అన్నకి పనికొచ్చింది. మొదలు ఎవరికయ్యా?" అన్నాడు టైలరు.

"నాకు. మంచి నిద్ర పట్టింది," అన్నారు మాస్టారు.

"మొదలు బాగుంది కదా," అంది వదిన. "ఆ గేదె ఎంత బాగా చేసిందో."

ఆ మాటకు లారీ పక్షం, కునుకు పక్షం ఒక్కటై ఆవిడ మీద పడ్డాయి. ఇంత ఏకాభిప్రాయం మా సంఘం చరిత్రలో లేదు. వదిన ఒక్కర్తే గేదె తరఫున నిలబడి అందరికీ జవాబు చెప్పింది, ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. ఆ గోల సద్దుమణిగాక నేను అధ్యక్షుడి హోదాలో లేచి, ఇక చేతులెత్తాలన్నాను. సినిమా గొప్పదనేవాళ్లు?

లారీవాళ్లు ఎప్పటిలాగే ఎత్తారు. వదిన తన చెయ్యి వంక ఒకసారి చూసుకుని, నిటారుగా ఎత్తింది.

"చివర చెత్త అన్నావుగా వదినా?" అన్నాను. పక్షపాతం లేకుండా అడగడం నా బాధ్యత.

"చెత్తే. దాని తరఫున ఎత్తట్లేదు. డ్రమ్ములున్నంతవరకూ ఎత్తుతున్నా. అది ఇవాళ చూసినా నాదే అనిపించింది, మరిదీ. చివర వాళ్లు భయపడ్డారు, అది వాళ్ల గొడవ."

"సగం చేతికి నిబంధన లేదు," అన్నారు మాస్టారు.

"మొత్తం చూసింది, మొత్తం చెయ్యే ఎత్తింది. లెక్క చెల్లుతుంది," అని నేను తీర్పు చెప్పాను. ఆ ఒక్క చేతితో లారీ పక్షం మొదటిసారి నెగ్గింది. నేను ఓడిపోయానని ఎవరైనా అంటే అననివ్వండి. నిబంధన పెట్టినవాణ్ణి, పాటించినవాణ్ణి కూడా నేనే. లారీ అంతసేపు వెనక్కి వెళ్లడం ఎక్కువే అని ఇప్పటికీ నా అభిప్రాయం.

లేవబోతుంటే వదిన, "వచ్చే ఆదివారానికి నేనొకటి చెబుతా," అంది. పడవవాడి కథ ఒకటి ఉంది, మూడు రోజులు కూడా ఆడలేదు. దాని పేరు వినగానే మాస్టారు గోడ వైపు తిరిగి నిట్టూర్చారు.

"అది చెత్తల్లోకి చెత్తమ్మా."

"మధ్యలో బాగుంటుంది మాస్టారూ. మొదలు సంగతి తెలియదు. చెత్త ఎక్కణ్ణించి మొదలవుతుందో చెప్పండి, చూసుకుంటాను," అంటూ వదిన కుర్చీ ఆయన వైపు లాక్కుంది.

అన్నయ్య ఇంకో టీ తెమ్మన్నాడు.